ఏడుగురిలో మనోడెవడు?

పోయిన సంక్రాంతికి మా ఊరి కబడ్డీ ఫైనల్ మేమే గెలిచాం. స్కోరు 52-19. కప్పొచ్చింది, క్యాష్ వచ్చింది, అందరం వాట్సాప్ స్టేటస్‌లు పెట్టుకున్నాం. రానిది ఒక్కటే. విజిల్.

మా ఊరు నర్సీపట్నానికి ఆటోలో ఇరవై నిమిషాలు. ఏటా కనుమ సాయంత్రం చెరువుగట్టు పక్కన మట్టి కోర్టు మీద ఫైనల్ జరుగుతుంది. ఆ రోజు ట్రాక్టర్ల మీద, గోడల మీద, చింతచెట్టు కొమ్మల మీద కూడా జనమే. పోయినసారి మాత్రం ఫస్టాఫ్ అయ్యేసరికి సగం మంది లేచిపోయారు. కొందరు కోడిపందేల వైపు, మిగతావాళ్లు ఇంటికి. మైక్ పట్టుకున్న కుర్రాడు "ఇంకా సెకండాఫ్ ఉందండీ, కూర్చోండి బాబూ" అని బతిమాలుకున్నాడు.

ఎందుకు లేచిపోయారో మాకు తెలుసు. కోర్టులో దిగిన మా ఏడుగురిలో నలుగురు మా ఊరోళ్లు కాదు. డబ్బులిచ్చి తెచ్చాం. ఆ డబ్బుల్లో నేను ఫోన్‌పే చేసిన ఐదు వేలు కూడా ఉన్నాయి. ఈ సంగతి ముందే ఒప్పేసుకుంటే మిగతా కాలమ్ రాయడం నాకు కాస్త తేలిక.

వాళ్ల కోసం పక్కన కూర్చోబెట్టినోళ్లలో మా మేనత్త కొడుకు ఉన్నాడు. పంతొమ్మిదేళ్లు. నన్ను బావా అంటాడు. కూతకెళ్లి ఎడమకాలితో బోనస్ గీత తాకి జారిపోవడంలో వాడికో స్టైల్ ఉంది. టోర్నీ మొత్తమ్మీద వాడు ఆడింది పది నిమిషాలు. పండగయ్యాక ప్రాక్టీసుకి రావడం మానేశాడు. ఏమైందిరా అనడిగితే, "మీకు కప్పు కావాలి కదా బావా, వచ్చింది కదా" అన్నాడు. అంతే. ఇంకేం మాట్లాడలేదు.

"నువ్వు సాఫ్ట్‌వేర్ కదా"

ఈ సంక్రాంతికి ఎనిమిది ఊళ్ల టీములు వస్తామన్నాయి. కమిటీకి పెద్ద, రిటైరైన పీడీ మేస్టారు. నన్ను పిలిచి, "ఏరా, నువ్వు సాఫ్ట్‌వేర్ కదా. ఈసారి గొడవల్లేకుండా రూల్సు రాసి, నీట్‌గా ప్రింటు తీసుకురా" అన్నారు.

రూల్సు టైప్ చెయ్యడానికి పది నిమిషాలు. ఏ రూల్ టైప్ చెయ్యాలన్నది తేల్చడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎందుకంటే మాకు కావాల్సినవి మూడు. ఒకటి, చిన్న ఊరికైనా పెద్ద ఊరికైనా గెలిచే ఛాన్స్ ఉండాలి. రెండు, జనం ఆఖరి కూత దాకా కూర్చోవాలి. మూడు, ఆడేది మన టీమే అని జనానికి అనిపించాలి. రెండు సెట్ చేస్తే మూడోది బ్రేక్ అవుతోంది. ఆఫీసులో ఇలాంటి బగ్‌లు చాలా చూశాను గానీ, అక్కడ మేనత్తకి సమాధానం చెప్పుకోవాల్సిన పని ఉండదు.

సరే, మనకంటే పెద్దోళ్లు ఏం చేశారో చూద్దామనుకున్నా. పెద్దోళ్లంటే ముందు గుర్తొచ్చేది మన తెలుగు టైటాన్సే కదా.

సగం పర్సు ఒక్కడి మీద

2025 ఆగస్టు 29. ప్రో కబడ్డీ 12వ సీజన్ మొదటి రోజు. ఏడేళ్ల తర్వాత పీకేఎల్ మళ్లీ వైజాగ్ వచ్చింది. ఇద్దరు ఫ్రెండ్స్‌తో ఆర్టీసీ బస్సెక్కి విశ్వనాథ్ స్పోర్ట్స్ క్లబ్‌కి వెళ్లిపోయా. తెలుగు భాషా దినోత్సవం నాడు తెలుగు టైటాన్స్, తమిళ్ తలైవాస్ మ్యాచ్. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏముంటుంది?

మా ముందు వరుసలో ఒకతను పవన్ సెహ్రావత్ పేరున్న టైటాన్స్ జెర్సీ వేసుకొచ్చాడు. పాపం, ఆ పవన్ ఆ రోజు అవతల పక్క ఉన్నాడు. అంతకుముందు రెండు సీజన్లు మన కెప్టెన్. వేలంలో తలైవాస్ కొనేసింది. పవన్ కూతకొచ్చిన ప్రతిసారీ ఆ జెర్సీ అన్న చప్పట్లు కొట్టాలో వద్దో తెలీక చేతులు కట్టుకుని కూర్చున్నాడు. మ్యాచ్ మనమే ఓడిపోయాం. నాకు స్కోరు కంటే ఆ అన్న చేతులే ఎక్కువ గుర్తున్నాయి.

ఇప్పుడు కాస్త వెనక్కి వెళ్దాం. 2014లో పీకేఎల్ మొదలైనప్పుడు ఉన్న ఎనిమిది టీముల్లో టైటాన్స్ ఒకటి. హోమ్ గ్రౌండ్ మన వైజాగే. ఆ మొదటి వేలంలో అందరికంటే ఎక్కువ పలికిన రాకేశ్ కుమార్ ధర 12 లక్షల 80 వేలు. ఇప్పుడది చూస్తే నవ్వొస్తుంది. మనకి రాహుల్ చౌదరి దొరికాడు. ఆరు సీజన్లు మనతోనే ఉన్నాడు. 2015లో మూడో ప్లేసు, 2016లో నాలుగో ప్లేసు. తర్వాత జారడం మొదలైంది.

2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1 కోటి 45 లక్షలకి కొన్నాం. 8వ సీజన్‌లో మూడు మ్యాచ్‌ల తర్వాత అతనికి గాయం. ఆ సీజన్ 22 మ్యాచ్‌ల్లో గెలిచింది 1. తొమ్మిదో సీజన్‌కి సుర్జీత్ సింగ్, విశాల్ భరద్వాజ్, పర్వేశ్ భైంస్వాల్, మోనూ గోయత్... పేర్లు చదివితేనే అవతలోడు భయపడాలి. గెలిచింది 2. పదో సీజన్‌కి పవన్ సెహ్రావత్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి తెచ్చాం. అప్పటికి అదే రికార్డు. మళ్లీ గెలిచింది 2. మూడు సీజన్లు, 66 మ్యాచ్‌లు, 5 విజయాలు. ఆ మూడేళ్లు నేను టైటాన్స్ ఫ్యాన్‌నని ఆఫీసులో చెప్పుకోలేదు.

ఇక్కడో విషయం గమనించండి. పీకేఎల్‌లో రూల్ అన్యాయంగా ఏమీ లేదు. వేలంలో అన్ని టీములకీ ఒకటే పర్సు. పదో సీజన్‌లో ఒక్కో టీమ్‌కి 5 కోట్లు. ముంబైకి ఎక్కువ, మనకి తక్కువ అని లేదు. అందులో సగం దాటి మనం ఒక్కడికే పెట్టేశాం. మా భాషలో దీన్ని సింగిల్ పాయింట్ ఆఫ్ ఫెయిల్యూర్ అంటారు. లోడంతా ఒక్క సర్వర్ మీద పడేస్తే, అది పడుకున్నప్పుడు సైటంతా పడుకుంటుంది.

కబడ్డీలో ఆ సర్వర్ పడుకోవడం చాలా సులువు. రైడర్ ఔటైతే బయట కూర్చోవాలి. తనంతట తాను లేచి రాలేడు. లోపలున్నోళ్లు అవతలోణ్ణి పట్టాలి, లేదా ఇంకో రైడర్ పాయింట్ తేవాలి. అప్పుడే లోపలికి అడుగు. అంటే రెండున్నర కోట్ల ఆటగాడు కోర్టులోకి తిరిగి రావాలంటే పది లక్షల డిఫెండర్ పట్టు బిగించాలి. పవన్ తన వంతు ఆడాడు, తప్పు పట్టలేం. లేపేవాడే కరువయ్యాడు.

11వ సీజన్‌లో అదే పవన్‌ని 1 కోటి 72 లక్షల 50 వేలకే ఉంచుకున్నాం. వేలంలో వేరే టీమ్ ఎంత పాడితే అంతకి పాత టీమ్ తిరిగి తీసుకునే వీలుంది, ఫైనల్ బిడ్ మ్యాచ్ అంటారు. దాంతో పర్సులో మిగిలింది మిగతావాళ్ల మీద పెట్టాం. కోచ్‌గా కృషన్ కుమార్ హుడా వచ్చారు. సీజన్ మధ్యలో పవన్‌కి దెబ్బ తగిలినా విజయ్ మలిక్ ఎత్తుకున్నాడు. 22లో 12 గెలిచాం. ఏడో ప్లేసు, కొద్దిలో ప్లేఆఫ్స్ పోయాయి.

ఇక 12వ సీజన్. ఆ వేలంలో పదిమంది ఆటగాళ్లు కోటి దాటారు. వాళ్లలో టైటాన్స్ కొన్నవాడు ఒక్కడూ లేడు. విజయ్ మలిక్ కెప్టెన్, 81 లక్షలకి భరత్ హుడా, మిగతా అంతా సర్దుబాటు. లీగ్‌లో 18కి 10 గెలిచి, ప్లేఆఫ్స్‌లో బెంగళూరు బుల్స్‌నీ పట్నా పైరేట్స్‌నీ పడగొట్టి, రెండో క్వాలిఫయర్‌లో పుణేరి పల్టన్ చేతిలో 45-50తో ఆగిపోయాం. ఫైనల్‌కి ఒక్క మెట్టు. ఆ రాత్రి ఆబిద్ సెంటర్ టీకొట్టు దగ్గర ఫోన్‌లో మ్యాచ్ చూస్తూ పదిమంది నిలబడిపోయాం. ఓడిపోయినా ఎవడూ తిట్టలేదు.

నాకు అర్థమైంది ఇది. సమానమైన పర్సు సమానమైన ఛాన్స్ ఇస్తుంది, అంతవరకే. టీమ్ కట్టుకోవడం మన తెలివి. కానీ ఆ జెర్సీ అన్న చేతుల సంగతి ఏ పర్సూ చూసుకోదు. దానికి ఇంకేదో కావాలి.

బ్రేకుల్లేని బళ్లు

బీటెక్‌లో నా బెంచ్‌మేట్ ఒకడు ఇప్పుడు మాంచెస్టర్‌లో ఉద్యోగం. మా రూల్స్ గొడవ గ్రూపులో చదివి, "ఒరే, ఇక్కడ కూడా ఇదే గోల" అని ఒక వీడియో పంపాడు. స్పీడ్‌వే. వాడుండే ఊళ్లో బెల్‌వ్యూ ఏసెస్ అని ఒక టీమ్ ఉంది, వాళ్లకి ప్రత్యేకంగా స్టేడియం కూడా ఉంది.

చూసినోళ్లు తక్కువుంటారు కాబట్టి చెప్తాను. కోడిగుడ్డు ఆకారంలో మట్టి ట్రాక్. 500 సీసీ బళ్లు, ఒకటే గేరు, పెట్రోల్ కాదు మెథనాల్, బ్రేకులు అసలుండవు. మలుపులో బండిని పక్కకి జార్చి తిప్పాల్సిందే. ఒక్కో రేసుకి టీమ్‌కి ఇద్దరు చొప్పున నలుగురు. నాలుగు రౌండ్లు, నిమిషంలో అయిపోతుంది. ఫస్ట్ వస్తే 3, తర్వాత 2, 1, ఆఖరోడికి సున్నా. అలా 15 రేసులు. మొత్తం టీమ్ ఎంతమందో తెలుసా? ఏడుగురు. కబడ్డీ కోర్టులో మన లెక్కే.

1928లో లండన్ దగ్గర హైబీచ్‌లో మొదలై, రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక వెంబ్లీ స్టేడియాన్నే నింపేసిన ఆట ఇది. ఇప్పుడు జనం పలచబడ్డారు. 2023లో వుల్వర్‌హాంప్టన్, పీటర్‌బరో అనే రెండు పాత క్లబ్బులు ట్రాకులే పోగొట్టుకున్నాయి. అందుకే టీములు సమానంగా ఉండాలి, జనం రావాలి, రూల్ న్యాయంగా ఉండాలి అన్న చర్చ అక్కడ మనకంటే చాలా ఏళ్ల ముందు నుంచీ నడుస్తోంది.

వాళ్ల పద్ధతి నాలాంటి ఎక్సెల్ మనిషికి పిచ్చిగా నచ్చేసింది. వేలం లేదు. ప్రతి రైడర్‌కీ ఒక సగటు. నాలుగు రేసులకి ఎన్ని పాయింట్లు తెస్తాడన్న లెక్క. ఉదాహరణకి 20 రేసుల్లో 40 పాయింట్లు తెస్తే వాడి సగటు 8. ఏడుగురి సగటులూ కూడితే ఆ సీజన్‌కి పెట్టిన లిమిట్ దాటకూడదు. డబ్బెంతున్నా సరే, మొనగాళ్లందర్నీ ఒకేచోట పోగెయ్యలేవు. ఒక పెద్దోణ్ణి తీసుకుంటే, కింద ఇద్దరు కొత్త కుర్రాళ్లని పెట్టుకుని లెక్క సరిచెయ్యాలి. కుర్రాళ్లకి ఛాన్స్ దానంతటదే వస్తుంది.

రాత్రి రెండింటి దాకా కూర్చుని మా టోర్నీకి ఇదే మోడల్ కట్టేశాను. మూడేళ్ల స్కోరు బుక్కులు ఫొటోలు తీసి, ప్రతి ఆటగాడికీ మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లో లెక్కేసి, ఊరికింత అని లిమిట్ పెట్టా. రంగులు కూడా వేశా.

మేస్టారి ఒక్క ప్రశ్న

కమిటీ మీటింగులో ల్యాప్‌టాప్ తెరిచి గర్వంగా చూపించాను. పక్కూరి కెప్టెన్ ముందు లేచాడు. "అంటే పండగ ఆఖరి మ్యాచ్‌లో మావోడు కావాలని తక్కువ పాయింట్లు తెస్తే, వచ్చే ఏడు వాడు చవకలో వస్తాడన్నమాట!" అందరూ గొల్లున నవ్వారు. రోజూ టెస్ట్ కేసులు రాసేవాణ్ణి, నాకు తట్టని కేసు వాడికి అరనిమిషంలో తట్టింది.

మేస్టారు నవ్వలేదు. "అది సరే. ఒక కుర్రాడు ఏడాదంతా కష్టపడి ఆట పెంచుకున్నాడనుకో. వాడి సగటు పెరిగింది. టీమ్ లెక్క దాటింది. అప్పుడేం చేస్తావు? ఎవణ్ణో ఒకణ్ణి పక్కూరికి పంపాలి. అవునా? బాగా ఆడినందుకా?"

నా దగ్గర సమాధానం లేదు. ఎందుకంటే స్పీడ్‌వేలో కూడా జరిగేది అదే. కింద నుంచి వచ్చిన కుర్రాడు 4 నుంచి 7కి ఎదిగితే క్లబ్బుకి సంతోషం, లెక్కకి 3 పాయింట్ల బరువు. లిమిట్ దాటితే ఎవరో ఒకరు వెళ్లాల్సిందే. గెలిచిన టీమే ముందు విడిపోతుంది. దానికి తోడు, మెయిన్ రైడర్‌కి దెబ్బ తగిలితే ఆ రోజుకి వేరే క్లబ్బోణ్ణి గెస్టుగా దింపుకునే వీలుంది. పోయినవారం మన మీద గెలిచినోడు ఈ వారం మన రంగులేసుకుని వస్తాడు. రూల్ ప్రకారం అంతా కరెక్టే. గ్యాలరీలో కూర్చున్నోడికి మాత్రం ఎవరి కోసం అరవాలో అర్థం కాదు. వైజాగ్‌లో మా ముందు వరుస అన్న లాగే.

మేం పోయినసారి తెచ్చిన నలుగురు కూడా గెస్టులే. తేడా ఏంటంటే, స్పీడ్‌వేలో గెస్టుకి రూలుంది. మాకు ఫోన్‌పే ఉంది.

ఆ ఎక్సెల్ షీట్‌ని అక్కడే మూసేశా.

విజిల్ ఎవరికి పడింది?

మొదట్లో విజిల్ రాలేదన్నాను. పూర్తి నిజం కాదు. మాకు రాలేదు.

ఆ ఫైనల్లో మాతో ఆడింది చింతపల్లి రోడ్డు వైపు ఒక చిన్న ఊరు. ఏడుగురే వచ్చారు. సబ్‌స్టిట్యూట్ అన్నవాడే లేడు. అందరూ ఆ ఊరోళ్లే. సెకండాఫ్‌లో వాళ్లు ముగ్గురే మిగిలినప్పుడు మేం తెచ్చిన ఖరీదైన రైడర్ కూతకెళ్లాడు. ఆ ముగ్గురూ ఒక్కసారి మీద పడి గీత దగ్గర కుదేశారు. ఉన్న సగం జనం లేచి నిలబడ్డారు. విజిల్స్ ఆగలేదు. మా ఊరోళ్లు కూడా కొట్టారు!

మా పాత రూల్లో ఆ పట్టుకి వచ్చింది ఒక్క పాయింటే. అదే పీకేఎల్‌లో అయితే సూపర్ ట్యాకిల్, రెండు. ముగ్గురు గానీ అంతకంటే తక్కువ గానీ ఉన్నప్పుడు పడితే ఒక పాయింట్ అదనం. అలాగే వరసగా రెండు కూతలు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై. పాయింట్ తేకపోతే రైడరే ఔట్. ముందంజలో ఉన్న టీమ్ టైం పాస్ చెయ్యడానికి లేదు. కూతకి 30 సెకన్లే. ఇవన్నీ టీవీ కోసం పెట్టిన రూల్సని కొందరు పెద్దోళ్లు చిరాకు పడతారు గానీ, నాకు వీటిలో న్యాయం కనిపిస్తుంది. వెనకబడినోడికి ఊరికే ఇచ్చేది ఏమీ లేదు. కష్టమైన పని చేస్తే ఎక్కువ కూలి, అంతే.

స్పీడ్‌వే వాళ్లు దీన్నే ఇంకోలా చేసి చూశారు. కొన్నేళ్లు, బాగా వెనకబడిన టీమ్ ఒక రైడర్‌కి నలుపు-తెలుపు హెల్మెట్ కవర్ పెట్టి దింపితే వాడు తెచ్చిన పాయింట్లు డబుల్. థ్రిల్ బానే ఉంటుంది. కానీ అవతలోడు కూడా అదే ట్రాక్ మీద, అదే రిస్క్‌తో తిప్పాడు కదా? వాడి 3 పాయింట్లు 3, వీడివి 6 ఎందుకు? సూపర్ ట్యాకిల్‌కీ దీనికీ తేడా ఇక్కడే. సూపర్ ట్యాకిల్ ఎక్కువ కష్టానికి ఎక్కువిస్తుంది. డబుల్ పాయింట్లు వెనకబడినందుకే ఇచ్చేస్తాయి. జనం ఈ తేడా పట్టేస్తారు. మా చెరువుగట్టు జనం కూడా.

మనోడంటే?

మరి మనోడంటే ఎవడు? మన ఊళ్లో పుట్టినోడేనా?

ఇక్కడే నాకు రాహుల్ చౌదరి గుర్తొస్తాడు. పుట్టింది ఉత్తరప్రదేశ్‌లోని బిజ్నోర్. తెలుగుతో ఏ సంబంధమూ లేదు. అయినా ఆరు సీజన్లు పసుపు జెర్సీలో చూసి చూసి మనోడైపోయాడు. మా బామ్మర్ది చిన్నప్పుడు ఇంటి అరుగు మీద వాడి రన్నింగ్ హ్యాండ్ టచ్ ప్రాక్టీస్ చేసేవాడు. పుట్టుక కంటే ఉండటం ముఖ్యం. టీమ్‌తో ఓడిపోయినప్పుడు కూడా ఉన్నోడు మనోడు.

అదే సమయంలో ఇంకో మాట కూడా చెప్పాలి. పీకేఎల్ టీముల్లో విదేశీ ఆటగాళ్లు కనీసం ఇద్దరుండాలని రూలుంది. సొంత రాష్ట్రం కుర్రాడు ఒక్కడైనా ఉండాలని లేదు. టైటాన్స్‌లో తెలుగు కుర్రాళ్లని ఏ సీజన్లోనైనా వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కొత్త కుర్రాళ్లని వేలం బయట తీసుకునే న్యూ యంగ్ ప్లేయర్స్ అనే దారి ఉంది. ఆ దారిలో మన మన్యం నుంచో, మన తీరం నుంచో ఒకణ్ణి ఏటా ఎక్కిస్తే పోయేదేముంది? బ్రిటన్‌లో 2021లో ప్రీమియర్‌షిప్ టీములు ఏడు చోట్లలో ఒకటి రైజింగ్ స్టార్ పేరుతో దేశంలోని కొత్త కుర్రాడికి కేటాయించాయి. వాడు ఓడిపోవచ్చు. కానీ వాడి కోసం వాళ్లమ్మ, వాళ్ల వీధి, వాళ్ల కాలేజీ వస్తాయి. టికెట్లు కొనేది వాళ్లే కదా.

ఇవన్నీ కలిపి, నాలుగు మీటింగులు, ఒక అలక తర్వాత మా కమిటీ తేల్చినవి ఇవి:

1. టీమ్‌లో 12 మంది. బయటోళ్లు ఇద్దరికి మించకూడదు. కోర్టులో ఒకసారికి ఒక్కడే.

2. పేర్లు టోర్నీకి పది రోజుల ముందే ఇవ్వాలి. దెబ్బ తగిలిందని చివర్లో గెస్టుని దింపడం కుదరదు.

3. ఇరవై ఏళ్లలోపు సొంతూరి కుర్రాళ్లు ఇద్దరు ఎప్పుడూ కోర్టులో ఉండాలి.

4. సూపర్ ట్యాకిల్‌కి రెండు పాయింట్లు. మూడో ఖాళీ కూతకి రైడర్ ఔట్.

5. పన్నెండు మంది దొరకని చిన్న ఊళ్లు రెండు కలిసి ఒక టీమ్‌గా రావచ్చు.

6. బయటోడు వరసగా మూడేళ్లు ఒకే ఊరికి ఆడితే, నాలుగో ఏడు నుంచి వాడు ఆ ఊరోడే.

ఆరోది మేస్టారు పెట్టించారు. "కోడలు కూడా మొదట బయటి నుంచి వచ్చిందే కదరా" అన్నారు. దానికి ఎవరూ ఎదురు చెప్పలేదు.

పర్ఫెక్ట్ అని నేననను. ఒక పెద్ద ఊరి టీమ్ ఈ రూల్సుంటే రామని చెప్పేసింది. వాళ్లకి డబ్బులిచ్చే పెద్దమనుషులున్నారు, వాళ్లు రాకపోతే ప్రైజ్ మనీ తగ్గుతుంది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసుకుంటూ పండక్కి మాత్రమే వచ్చేవాడు ఊరోడా కాదా అన్న చర్చ ఇంకా తెగలేదు. మా ఊరికైతే కప్పు ఆశ దాదాపు పోయినట్టే. ఈసారి మా ఏడుగురూ నిజంగా మా ఏడుగురే.

రూల్స్ పీడీఎఫ్ మా బామ్మర్దికి పంపాను. బ్లూ టిక్కులు పడ్డాయి. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు పొద్దున మెసేజ్.

"మూడో రూల్ నాకోసం పెట్టావా బావా?"

కాదన్నాను. నీలాంటోళ్లు ఎనిమిది ఊళ్లలో పదహారు మంది ఉంటారు, వాళ్లందరి కోసం అన్నాను.

"చూస్తాను" అన్నాడు.

వస్తానని అనలేదు. ఐదు వేలు పెట్టి వాణ్ణి పక్కన కూర్చోబెట్టినోణ్ణి, అంతకంటే ఎక్కువ అడిగే హక్కు నాకు లేదు. ప్రాక్టీస్ సాయంత్రం ఐదున్నరకి. ఒకడు తక్కువైనా వాడి చోటు అలాగే ఉంచమని మేస్టారు చెప్పారు.

మీ ఊరి టోర్నీలో బయటోళ్ల సంగతి ఏంటి? రూలుందా, ఫోన్‌పే ఉందా? రాయండి. కనుమ ఫైనల్ స్కోరు నేను చెప్తాను. విజిల్ ఎవరికి పడిందో కూడా.